గ్రూప్ ఫోటో బరువు

ఆ ఇంట్లో పెద్దల్లుడికి కంప్యూటర్లు బాగా వచ్చని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందంటే, పెళ్ళైన కొత్తలో ఒకసారి అత్తగారింట్లో ప్రింటరు పనిచేయడం మానేసింది. ఈయన వెళ్ళి వెనకాల ఊడిపోయిన ప్లగ్గు పెట్టాడు. అంతే. అప్పట్నుంచి ఆ కుటుంబంలో ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి టీవీ మూగబోయినా కబురు ఈయనకే. బీమా ఆఫీసులో పాతికేళ్ళుగా ఫైళ్ళు చూసుకునే మనిషికి అంత గౌరవం ఇంకెక్కడా దొరకలేదు. దొరికినదాన్ని నిజం చెప్పి పాడుచేసుకునే అలవాటు ఆయనకు లేదు.

అందుకే ఆఖరి మరదలు ఆఫీసుకు సెలవు పెట్టి పేము కుర్చీలు బాగుచేసే షాపు తెరిచినప్పుడు, దానికో వెబ్‌సైటు చేసే పని ఎవరూ అడక్కముందే నెత్తిన వేసుకున్నాడు. సైటు అంటే పెద్ద కష్టమేం కాదని, ఆఫీసులో రోజూ బోలెడు సైట్లు చూస్తూనే ఉంటానని చెప్పాడు. చూడటం మాత్రం నిజమే.

మరదలు పనిమంతురాలు. చిరిగిన సీటు విప్పి, పేము బద్దలు నీళ్ళలో నానబెట్టి, నిలువూ అడ్డమూ ఐమూలగా లాగి కట్టిందంటే, సీటంతా తేనెపట్టులా ఒక్క తీరున కన్నాలు పడేవి. చేతిలో విద్య ఉంది కానీ చేతినిండా పని లేదు. ఇంతలో పక్క ఊళ్ళో ఒక హోటలు చూసుకునే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళ భోజనాల హాల్లో కుర్చీలన్నిటికీ సీట్లు చిరిగాయట. సైటులో మీ అల్లిక చూసి, నచ్చితే సోమవారం మీటింగులో మా పెద్దవాళ్ళకు చూపిస్తానంది. ఫోన్లో ఫోటోలు పంపుతానంటే వద్దంది. అలా వచ్చిన ఫోటోలు ఎవరివో ఎత్తుకొచ్చినవి అంటారట, సైటులో ఉంటే నమ్ముతారట. పెద్దవాళ్ళ నమ్మకాలు ఎవరూ మార్చలేరు.

ఆ సోమవారం సాయంత్రమే మరదలి పాత ఆఫీసు పెట్టిన గడువు కూడా. సెలవు అయిపోయింది, వస్తావో రావో తేల్చి చెప్పమన్నారు. హోటలు పని వస్తే రానని చెప్పొచ్చు. రాకపోతే మంగళవారం నుంచి మళ్ళీ అదే గది, అదే బల్ల, పక్క సీట్లో పొద్దస్తమానం ముక్కు చీదే అదే మనిషి.

గురువారం హోటలావిడ మళ్ళీ ఫోన్ చేసింది. సైటు తెరిస్తే పేజీ తెల్లగా ఉందని, మధ్యలో ఒక చక్రం తిరుగుతోందని, తను వెళ్ళి టీ తాగి వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉందని చెప్పింది. ఇంతకీ కుర్చీలు ఉన్నాయా అని మర్యాదగా అడిగింది.

మరదలు ఈ సంగతి చెప్పగానే పెద్దల్లుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తప్పు నెట్‌ది అని తేల్చేశాడు. తన ఇంట్లో కూడా ఆ పేజీ రావడం లేదు కాబట్టి అది రుజువైనట్టే అన్నాడు. నెట్ డబ్బాను హాల్లోంచి వంటింటి అలమరలోకి మార్చాడు. అక్కడ్నించి బీరువా మీదకెక్కించాడు. శుక్రవారం సెలవు పెట్టి ఏకంగా నెట్ కంపెనీనే మార్చేశాడు. తన ఇంట్లో డబ్బా బీరువా ఎక్కితే పక్క ఊళ్ళో హోటలావిడ ఫోన్లో చక్రం ఎందుకు ఆగాలో ఆయనా ఆలోచించలేదు, నిచ్చెన పట్టుకున్న ఆయన భార్యా అడగలేదు.

కొత్త నెట్ వచ్చింది. చక్రం కొత్త ఉత్సాహంతో తిరిగింది.

అప్పుడు ఆయన అనుమానం ఫోటోల మీదికి మళ్ళింది. ఆ ఫోటోలు తీసింది చిన్నల్లుడు, అంటే ఈయన తోడల్లుడు. మందుల కంపెనీలో పని. పోయినేడాది మోయడానికి ఒక సంచీ, ఆ సంచీకి ఇంకో సంచీ ఉండే కెమెరా ఒకటి కొన్నాడు. ఫోటోలో చీమ పడితే ఆ చీమ కాలి మీద వెంట్రుక కూడా లెక్కపెట్టేలా ఉండాలన్నది అతని సిద్ధాంతం. పన్నెండు కుర్చీలు తీశాడు. ఒక్కో కుర్చీ పది పన్నెండు ఎంబీలు తూగింది. వాటన్నిటికీ పైన, పేజీ తెరవగానే కనపడేలా, షాపు తెరిచిన రోజు టైమరు పెట్టి తీసిన గ్రూప్ ఫోటో ఒకటి.

ఆ గ్రూప్ ఫోటో పైన ఉండాలన్నది అత్తగారి కోరిక. ఎలాంటి షాపైనా ముందు మనుషులు ఎలాంటివాళ్ళో తెలియాలి కదా అంది. అందులో అత్తగారు, ఆవిడ అన్నగారైన పెదమావయ్య, ముగ్గురు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు, వాళ్ళ పిల్లలు అందరూ ఉన్నారు. ముందు మధ్యలో ఒక పేము కుర్చీ ఉంది. అది ఖాళీగా ఉంది. అందులో మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఇద్దరల్లుళ్ళూ ఒకరినొకరు అంత గట్టిగా గౌరవించుకున్నారు మరి. చివరికి ఎవరూ కూర్చోలేదు. పెద్దల్లుడు మాత్రం కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నించున్నాడు, రిజర్వేషన్ చేయించుకున్నట్టు.

ఫోటోలు పెద్దవయ్యాయి కాబట్టి చిన్నవి చేయాలి. ఇంతవరకూ పెద్దల్లుడి ఆలోచన సవ్యంగానే ఉంది. ఆయన చేసిందేమిటంటే, ఒక్కో కుర్చీ ఫోటోను పేజీ మీద మూల పట్టుకుని లోపలికి లాగాడు. అది తలుపంత ఉన్నది కాస్తా పోస్టు బిళ్ళంత అయింది. పన్నెండు కుర్చీలూ చిన్న చిన్న బిళ్ళలై ఒక వరసలో ముచ్చటగా కూర్చున్నాయి. అయిపోయిందని మరదలికి చెప్పి, భార్యను టీ పెట్టమన్నాడు.

శనివారం హోటలావిడ గొంతులో మర్యాద కొంచెం తగ్గింది. పేజీలో చిన్న చిన్న చుక్కలేవో కనపడ్డాయని, అవి కుర్చీలో కాఫీ మరకలో చెప్పలేనని అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"అమ్మాయ్, మీ సైటు ఒక్కటి చూసేసరికి ఇవాల్టి నా నెట్ మొత్తం అయిపోయింది. సోమవారం పొద్దున మీటింగుకు ముందు ఒక్కసారి చూస్తాను. అప్పటికీ రాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాం. ఏమీ అనుకోకు."

మరదలు ఏమీ అనుకోలేదు కానీ బావకు ఫోన్ చేసి ఆ మాటలన్నీ ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. పెద్దల్లుడికి అందులో ఒక ముక్క ముల్లులా గుచ్చుకుంది. చుక్కంత ఫోటోలు నెట్ మొత్తం ఎలా తిన్నాయి. ఆదివారం పొద్దున తలుపేసుకుని కూర్చుని, ఎవరూ చూడకుండా చదివాడు. చదివితే తేలిందేమిటంటే, ఫోటోను పేజీ మీద చిన్నదిగా చూపించడం వేరు, ఫోటోను తేలిక చేయడం వేరు. తను ఇన్నాళ్ళూ చేసింది ఏనుగుకు పిల్లి చొక్కా తొడిగి పిల్లి అయిందనుకోవడం. హోటలావిడ ఫోను ఆ చొక్కాలోంచి పన్నెండు ఏనుగుల్నీ లాగలేక చచ్చింది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తోడల్లుడికి మాత్రం ఫోన్ చేసి ఫోటోలు కొంచెం తేలిక చేసి పంపమన్నాడు. చిన్నల్లుడు ముందు అర్థం కానట్టు మాట్లాడాడు, తర్వాత అర్థమై బాధపడ్డాడు. తన ఫోటోల్ని తగ్గించడమంటే తనని తగ్గించడమేనన్నాడు. కావాలంటే నెట్ మార్చుకోమన్నాడు. మార్చానని చెప్పడం పెద్దల్లుడికి ఇష్టం లేకపోయింది.

సరే, నాకు చేతకాదా ఏంటి అనుకుని తనే మొదలుపెట్టాడు. కంప్యూటర్లో ఫోటోలు దిద్దే ప్రోగ్రాం తెరిస్తే క్వాలిటీ అని ఒక గీత, దాని మీద అటూ ఇటూ జరిగే ఒక బొత్తాం కనిపించాయి. బొత్తాన్ని కొంచెం ఎడమకు జరిపాడు. పన్నెండు ఎంబీల కుర్చీ అర ఎంబీ కూడా లేకుండా పోయింది. కుర్చీ మాత్రం కళ్ళకు అలాగే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత సుళువని తెలియక బీరువా ఎక్కానే అని ఆయనకు తన మీద తనకే జాలేసింది. సేవ్ కొడితే, ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని మీదే రాసేయమంటారా అని కంప్యూటరు అడిగింది. ఆఫీసులో ఏ కాగితం ఏం అడిగినా అవుననే సంతకం పెట్టే చెయ్యి అది. అవునంది. పన్నెండుసార్లు అవునంది.

పేజీ తెరిచాడు. చక్రం తిరిగింది. చాలాసేపటికి పైనుంచి గ్రూప్ ఫోటో రావడం మొదలైంది. ముందు పైకప్పు వచ్చింది. కాసేపటికి పెదమావయ్య బట్టతల వచ్చింది. ఆయన కనుబొమల దాకా వచ్చి ఆగిపోయింది. అలా ఆగి, ఊపిరి తీసుకుని, ముక్కు దాకా దిగింది. కింద కుర్చీల జాడే లేదు.

ఇది చూసిన ఎవరికైనా బరువు ఎక్కడుందో తెలిసిపోవాలి. పెద్దల్లుడికి కుర్చీలు ఇంకా సరిగ్గా తగ్గలేదని తెలిసింది.

బొత్తాం ఇంకొంచెం ఎడమకు జరిపాడు. దాని మీదే రాసేయమంటారా. అవును. పెదమావయ్య మళ్ళీ ముక్కు దగ్గర ఆగాడు. ఇంకొంచెం ఎడమకు. అవును. కూరల దగ్గర బేరమాడుతున్నప్పుడు వచ్చే పట్టుదల లాంటిదేదో ఆయనకు పట్టుకుంది. కూరలవాడు ఒక రూపాయి తగ్గాడంటే ఇంకో రూపాయి తగ్గుతాడనే లెక్క. మధ్యలో ఒకసారి గ్రూప్ ఫోటో మీద కూడా చెయ్యి వేశాడు కానీ, వెనక నిలబడి చూస్తున్న భార్య ఊరుకోలేదు.

"ఏవండీ, కుర్చీల్ని తగ్గిస్తే తగ్గించండి. మనుషుల్ని తగ్గిస్తారేంటి? మా పెదమావయ్యకు తెలిస్తే మన గడప తొక్కుతాడా?"

ఆయన కూడా పెద్దగా వాదించలేదు. ఆ ఫోటోలో తను బాగా పడ్డాడు. పైగా పన్నెండు కుర్చీల ముందు ఒక్క గ్రూప్ ఫోటో బరువెంతలే అనుకున్నాడు. అది ఆ పన్నెండు కుర్చీలూ కలిపినదానికంటే ఎక్కువ బరువుందని, క్వాలిటీ చెక్కుచెదరకూడదని తోడల్లుడు దాన్ని ఉన్నదున్నట్టు అత్యంత బరువైన రకంలో దాచి ఇచ్చాడని ఆయన చూడలేదు. మళ్ళీ కుర్చీల మీద పడ్డాడు.

మధ్యాహ్నానికి మరదలు వచ్చింది. చేతులకు ఇంకా పేము పీచు అంటుకుని ఉంది. బావ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని తెర వైపు చూసింది. మొహం తెరకు దగ్గరగా తెచ్చింది.

"బావా, ఇది అల్లికేనా? తడిసిన అట్టముక్కలా ఉందేంటి?"

పెద్దల్లుడు కళ్ళజోడు పైకి జరుపుకుని మొదటిసారి అల్లిక వైపు చూశాడు. అంతవరకూ అంకెలే చూస్తూ వచ్చాడు. తేనెపట్టు కన్నాలు ఏవీ లేవు. సీటు ఉండాల్సిన చోట గోధుమరంగు గళ్ళు గళ్ళుగా ఏదో అలుక్కుపోయి ఉంది. పన్నెండు కుర్చీల్లోనూ అదే. రెండేళ్ళు నేర్చుకుని, వేళ్ళు కోసుకుని, నిలువూ అడ్డమూ ఐమూలగా లాగిందంతా ఒక్క పూటలో ఈయన బొత్తాంతో విప్పేశాడు.

తగ్గించనివి వెయ్యమంది మరదలు. వాటి మీదే రాసేశానని ఆయన కీబోర్డుతో చెప్పాడు. ఆమె చేతికంటిన పేము పీచు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చుంది. తిట్టినా బావుండేదని ఆయనకనిపించింది.

తోడల్లుడికి ఫోన్ చేశాడు. కెమెరాలో ఫోటోలు ఇంకా ఉన్నాయి కదా తమ్ముడూ అని అడిగాడు. గొంతులో అంత తేనె ఎప్పుడూ లేదు. లేవన్నాడు చిన్నల్లుడు. వాళ్ళ మేనేజరు కొత్త కారు కొన్నాడట, నాలుగు వైపుల్నుంచీ తీయమన్నాడట, కార్డు తుడిచేసి కారుతో నింపాడట. పోనీ కుర్చీలే మళ్ళీ తీద్దామంటే అవి ఎవరి ఇళ్ళకు వాళ్ళవి ఎప్పుడో వెళ్ళిపోయాయి. షాపులో ఇప్పుడున్నవి సీటు లేని నాలుగు అస్థిపంజరాలు. గ్రూప్ ఫోటోలో పెట్టిన కుర్చీ కూడా మర్నాడే దాని ఇంటికి పోయింది.

సంగతేంటో తెలిసి చిన్నల్లుడు అరగంటలో ఊడిపడ్డాడు. వెనకే అత్తగారు కూడా. చిన్నల్లుడు తెర చూసి, చనిపోయినవాళ్ళని చూడటానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని తల వంచుకుని నించున్నాడు.

"అన్నయ్యా, ఇవి నా ఫోటోలు అని మాత్రం ఎవరికీ చెప్పకండి."

"నువ్వు మొదటే తేలిగ్గా ఇచ్చుంటే ఈ గతి పట్టేదా?"

"తేలిగ్గా ఇస్తే ఫోన్లో తీసినవాడికీ నాకూ తేడా ఏంటండీ?"

తేడా ఏంటో పెద్దల్లుడు చెప్పబోయాడు. ఇద్దరికీ మధ్య అత్తగారు వచ్చి, ఎవరి తప్పూ లేదని, ఆ హోటలావిడ ఫోనే పాతదై ఉంటుందని తీర్పు చెప్పింది. కొత్త ఫోను కొనుక్కోలేని వాళ్ళు కుర్చీలేం బాగుచేయిస్తారని కూడా అంది. పెద్ద కూతురు అందరికీ మంచినీళ్ళిచ్చింది. ఆ తర్వాత నెట్ కంపెనీ మార్చిన సంగతి బయటపడింది. దాని మీద ఇంకో పావుగంట నడిచింది.

ఈ గోలలో మరదలు మౌస్ తన వైపు లాక్కుంది. సైటులో ఎవరూ తగ్గించని ఫోటో ఒక్కటే మిగిలింది. దాన్ని తెరిచి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. పెదమావయ్య పక్కకు పోయాడు, పిల్లలు పోయారు, మధ్యలో ఖాళీ కుర్చీ మిగిలింది. సీటు తెర నిండా పరుచుకుంది. ఒక్కో పేము బద్ద దాని పక్క బద్ద కిందకు ఎలా దూరిందో, మూల దగ్గర ఎలా మలుపు తిరిగిందో, ఒక బద్ద మీద పీచు లేచి ఉంటే ఆ పీచుతో సహా కనిపించింది. చిన్నల్లుడు వంగి చూశాడు. చీమ ఉంటే చీమ కాలు కూడా లెక్కపెట్టొచ్చన్నాడు, మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా. పెద్దల్లుడు కూడా వంగి, లేని చీమ కోసం చూశాడు.

మరదలు కుర్చీ చుట్టూ ఒక గీత గీసింది. గీత బయట కుటుంబం మొత్తం మసకబారింది.

ఏం చేస్తున్నావే అంది అత్తగారు. పెద్ద కూతురు పెదమావయ్య పేరెత్తింది. చిన్నల్లుడు తన సగం మొహమైనా ఉంచలేవా అని అడిగాడు. పోనీ ముందు వరస ఉంచుదామని పెద్దల్లుడు మధ్యేమార్గం చెప్పాడు. ముందు వరసలో ఆయనే ఉన్నాడు.

మరదలు మౌస్ మీంచి చెయ్యి తీయలేదు.

"రేపు సాయంత్రం ఆఫీసుకి ఫోన్ చెయ్యాల్సింది నేను. ఎల్లుండి పొద్దున ఆ బల్ల ముందు కూర్చోవాల్సింది నేను. మీలో ఎవరైనా నా బదులు వెళ్ళి కూర్చుంటానంటే చెప్పండి, ఫోటో ఉంచేస్తాను."

ఖాళీ కుర్చీ కోసం ఒకరినొకరు అంత గౌరవించుకున్న మనుషులు. ఈ ఆఫీసు సీటుకు మాత్రం ఒక్కరూ మీరంటే మీరు అనలేదు.

కుటుంబం పోయింది. కుర్చీ వీపు పైన పెద్దల్లుడి నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి. అవి కూడా తీసేద్దామని చూస్తే కుర్చీ వీపు తెగిపోతోంది, అందుకని వదిలేసింది. క్వాలిటీ బొత్తాన్ని ఒక్కసారి, కొంచెమే ఎడమకు జరిపింది. కన్నాలు చెక్కుచెదరలేదు. కంప్యూటరు అడగకముందే కొత్త పేరు పెట్టి సేవ్ చేసింది. అట్టముక్కల్లాంటి పన్నెండు కుర్చీలూ తీసేసి, పేజీలో ఆ ఒక్కదాన్నే ఉంచింది. బావ నేర్పిన పనేనని ఆమె అనలేదు. ఆయన మాత్రం అలా అనుకోవడానికి చాలా ప్రయత్నించాడు.

పేజీ తెరిస్తే చక్రం కనపడే తీరికే లేకపోయింది. నొక్కీ నొక్కకముందే కుర్చీ వచ్చి కూర్చుంది. పెద్దల్లుడు తన ఫోన్లో చూశాడు, భార్య ఫోన్లో చూశాడు, తోడల్లుడి ఫోను కూడా అడిగి తీసుకుని చూశాడు.

సోమవారం పొద్దున హోటలావిడ ఫోన్ చేసినప్పుడు మరదలు స్పీకరు పెట్టింది. పెద్దల్లుడు ఆఫీసుకు ఆలస్యమవుతోందంటూనే షాపులో నించున్నాడు.

వెంటనే వచ్చిందని చెప్పింది హోటలావిడ. ఆ గొంతులో ఆశ్చర్యం దాచుకోలేదు. ఒక్కటే ఉందేంటని అడిగింది. పెద్దది చేసి చూడమంది మరదలు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. చక్రం తిరుగుతోందేమోనని పెద్దల్లుడు తన ఫోన్లో పేజీ మళ్ళీ తెరిచి చూసుకున్నాడు. చక్రం కాదు, ఆవిడ కన్నాలు చూస్తోంది.

"పని బావుంది. మూలలు కూడా నీటుగా కట్టావు. ఇంతకీ ఆ వేళ్ళెవరివి?"

"మా పెద్ద బావవండీ. కుర్చీ ఎంతుంటుందో తెలియడానికి పెట్టించాను."

మంచి ఆలోచనని ఆవిడ మెచ్చుకుంది. మీటింగు అయ్యాక మళ్ళీ ఫోన్ చేసింది. ముందు రెండు కుర్చీలు పంపుతాం, అవి చూసి మిగతావి అంది. మరదలు ఆ ఫోన్ పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, పాత ఆఫీసుకు చేసింది. రానని చెప్పడానికి ఆమెకు పట్టిన సమయం ఆ పేజీ తెరుచుకోవడానికి పట్టినంత కూడా లేదు.

వారం తిరగకుండా హోటలు కుర్చీలు రెండూ వచ్చాయి. వాటి వెనకే చిన్నల్లుడు కూడా వచ్చాడు. సైటులో చోటు లేకపోతే గోడ మీద ఉంటుందని, గోడకు ఎంబీల గొడవ లేదని చెప్పి, గ్రూప్ ఫోటోను నిలువెత్తున అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, వ్యాన్లో తెచ్చాడు. పెదమావయ్య తల ఒక్కటే ఒక చిన్న కిటికీ అంతుంది. అది చూసి అత్తగారికి కళ్ళు చెమర్చాయి.

ఫ్రేమును ఇద్దరల్లుళ్ళూ చెరోవైపు పట్టి గుమ్మం దాకా తెచ్చారు. నిలువుగా పెడితే పైన తగిలింది. అడ్డంగా పెడితే రెండు వైపులా తగిలింది. ఐమూలగా వంచితే సగం దాకా వచ్చి ఇరుక్కుంది. అటు నుంచి చిన్నల్లుడు నెడుతున్నాడు, ఇటు నుంచి పెద్దల్లుడు లాగుతున్నాడు. మధ్యలో గుమ్మం నిండా కుటుంబం.

"తలుపు ఊడదీద్దామా అన్నయ్యా?" అని అవతల్నుంచి వినిపించింది.

లోపల మరదలు హోటలు కుర్చీ మీద వంగి, నానిన పేము బద్ద ఒకటి పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. తల ఎత్తలేదు. వెలుతురుకు అడ్డం రావద్దని మాత్రం చెప్పింది.